బూడిద, చింతపండు, బుడగలు: మనోళ్ల తిండిలో ఉన్న రసాయనం

‘బూడిద తినేటోళ్లు’ అనే మాట మనలో చాలామందికి హాస్టళ్లలో తగిలిందే. అనేటోళ్లు నవ్వుకుంట అంటరు, పడ్డోళ్లు తల దించుకుంటరు. ఆ తినుడు వెనుక ఏముందో తెలిస్తే తల దించే పనే ఉండదు. పోస్టు కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి.

2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా ముక్కలైనప్పుడు నల్లమల మన నాగర్‌కర్నూల్ కిందికి వచ్చింది. గద్వాల, వనపర్తి దిక్కు మైదానం, జొన్న చేన్లు. అమ్రాబాద్ పీఠభూమి మీది చెంచు పెంటలల్ల మాత్రం చేను కంటే అడవే అన్నం పెట్టింది. గడ్డలు, తేనె, ఇప్పపువ్వు, చింతపండు. 1940లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుడు ఇక్కడికి వచ్చి మనోళ్ల మధ్య ఉండి, 1943లో చెంచుల మీద పెద్ద పుస్తకమే అచ్చు వేయించిండు. ఆ కాలానికి ఎంతో ముందు నుంచే మన పెద్దలకు చింతపండును కడుపు నింపే తిండిగా మార్చుకునే ఉపాయం తెలుసు. చింత కట్టెనో బెరడునో కాల్చి, ఆ బూడిదను చింతపండులో కలిపి తినుడే ఆ ఉపాయం.

ఒట్టి చింతపండు ఎంత తినగలం? నాలుగు పిక్కలు చప్పరించేసరికే పళ్లు పులుస్తయి. దానికి కారణం టార్టారిక్ ఆమ్లం. కట్టె బూడిదలో ఎక్కువగా కాల్షియం కార్బోనేట్, కొంత పొటాషియం కార్బోనేట్ ఉంటయి. ఆమ్లం, కార్బోనేట్ కలిస్తే ఆమ్లం విరిగిపోతది, లవణం, నీళ్లు మిగులుతయి, కార్బన్ డయాక్సైడ్ బుడగలై పైకి పోతది. పులుపు తగ్గుతది, కాబట్టి కడుపునిండా తినొచ్చు. బూడిదలోని కాల్షియం లాభం. పదో తరగతి పుస్తకంలో ‘ఆమ్లాలు, క్షారాలు’ పాఠం చదివేటప్పుడు ఈ ముచ్చట ఏ సారూ మనకు చెప్పలే.

ఇంట్లో చేసి చూడొచ్చు. గ్లాసులో చిక్కటి చింతపండు రసం పోసి ఒక చెంచా వంట సోడా వేయండి. నురగ తగ్గినంక, వెలుగుతున్న అగ్గిపుల్లను గ్లాసు లోపలికి దించితే టక్కున ఆరిపోతది. పక్కనే ఇంకో గ్లాసులో పాన్ డబ్బాల వాడే సున్నం కలిపి, తేరిన నీళ్లు కొంచెం ఉంచుకోండి. మొదటి గ్లాసును దాని మీదికి మెల్లగ వంచండి, రసం పడొద్దు, పైనున్న గాలి ఒక్కటే జారాలె. కొంచెం తిప్పితే సున్నపు తేట పాలలెక్క తెల్లబడతది. ఆ గాలి మామూలు గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, అందుకే నీళ్ల లెక్క వంచొచ్చు.

ఈ సున్నపు తేట పరీక్షను 1750లలో స్కాట్లాండ్‌లో జోసెఫ్ బ్లాక్ చేసిండు. మనం వదిలే ఊపిరిలో, పులిసే పదార్థంలో కూడా అదే గాలి ఉందని చూపిండు. 1767లో లీడ్స్‌ల బీరు తయారు చేసే చోటు పక్కన కాపురముండి, తొట్ల మీద తేలే గాలిని పట్టుకున్న ప్రీస్ట్‌లీ 1772లో సోడా నీళ్లు చేసే పద్ధతి అచ్చు వేసిండు. నానిన ఇప్పపువ్వు మీద లేచే నురగ కూడా ఆ గాలిదే. ఇక 1843లో బర్మింగ్‌హామ్‌ల ఆల్‌ఫ్రెడ్ బర్డ్, ఈస్ట్ పడని తన భార్య కోసం బేకింగ్ పౌడర్ కలిపిండు. దాంట్లో ఏముంది? సోడా, టార్టారిక్ ఆమ్లం. అంటే చింతపండులోని ఆమ్లమే. బూడిదకు కూడా విలువ తక్కువేం లేదు: 1790లో అమెరికా ప్రభుత్వం ఇచ్చిన మొట్టమొదటి పేటెంట్ కట్టె బూడిదతో పొటాష్ తీసే పద్ధతికే. అక్కడ పేటెంట్, ఇక్కడ ఎక్కిరింపు.

ఇదే గాలికి ఇంకో ముఖం ఉంది, అది మైదానంలో కనపడతది. జొన్నలను భూమిలో పాతర వేసి దాచుకునే రోజులల్ల, మూత తీసిన వెంటనే ఎవరూ దిగేటోళ్లు కాదు. గింజలు కూడా ఊపిరి తీస్తయి. మూసిన గుంతలో ఆక్సిజన్ అయిపోయి కార్బన్ డయాక్సైడ్ అడుగున పేరుకుంటది, రంగు లేదు, వాసన లేదు. అందుకే పెద్దోళ్లు చాలాసేపు తెరిచి పెట్టి, దీపం దించి చూసి, ఆరితే ఆగేటోళ్లు. పాతర్లు పోయినయి కానీ పాడుబడ్డ బావులు, సెప్టిక్ ట్యాంకులు ఉన్నయి. మన తండాల, పెంటల పిల్లలు పట్నాల్లో పనికి పోయి వాటిల్లోకి దిగుతున్నరు. సెప్టిక్ ట్యాంకుల మంట దించొద్దు, అక్కడ అంటుకునే గాలి కూడా ఉంటది. పాత బావిలో దీపం వెలుగుతున్నా భరోసా లేదు, వేరే విషవాయువులకు దీపం ఆరదు. లోపల ఒకడు పడిపోతే కాపాడటానికి వెంటనే ఇంకొకడు దూకొద్దు, ముందు 112కు ఫోన్ చేయాలె.

మన్ననూర్, లింగాల, పదర దిక్కున ఉన్న మిత్రులకు ఒక పని. ఎంత చింతపండుకు ఎంత బూడిద, ఏ కట్టెది, ఎంతసేపు కలపాలె, ఏ నెలల తింటరు, ఇవి తెలిసిన అవ్వలు, తాతలు మీ ఇండ్లల్లనే ఉన్నరు. ఈ ఎండాకాలం సెలవులల్ల వాళ్ల దగ్గర కూసొని, వాళ్లు చెప్పిన మాటల్లోనే రాసి గ్రూపులో పెట్టండి.