లేసు దారం

నర్సాపురం ప్రాంతానికి లేసల్లిక తెచ్చింది మిషనరీలు. పందొమ్మిదో శతాబ్దంలో దొరసానుల దగ్గర మొదట నేర్చుకున్నది క్రైస్తవంలో కలిసిన మాల మాదిగ ఆడోళ్లే. శుభ్రత, ఇల్లు దిద్దుకోవడం, సూదిపని అన్నీ ఒకే పాఠం. మా అమ్మ గుడిలో స్త్రీల సమాజంలో నేర్చుకుంది. పగలంతా ఊడ్పులు, రాత్రి గుమ్మంలో లేసు. ఇల్లాళ్లు తీరిగ్గా చేసుకునే పని అన్నారు దీన్ని. ఎవరికుందండీ తీరిక? ఆ పేరు చెప్పే కూలి తొక్కిపెట్టారు. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో నర్సాపురం లేసు మీద వేసిన పుస్తకంలో తేల్చిందీ ఇదే. తర్వాత పని కాపుల ఇళ్లకీ పాకింది. వాళ్లు గోషాలో కూర్చుని అల్లితే పరువు, మావాళ్లు అల్లితే మిషను దయ! దారం లెక్కపెట్టి ఇచ్చే ఏజెంటు లేసు మీద చిన్న మరక కనిపించినా కూలి కోసేవాడు. అమ్మ ఊరుకునేది కాదు, వీధిలో నిలబెట్టి అడిగేది. నా పదో తరగతి పరీక్ష ఫీజు అట్లా రాబట్టిన డబ్బులే.