మా ఇంటి ఫియట్, దాని ముందు స్ప్రింగులు

ముంబయి తెలుగువాళ్ళ చరిత్ర అంటే అందరూ మొదట రాళ్ళు, సున్నం గురించి చెప్తారు. అది న్యాయమే. 1784లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయి, దీవుల మధ్య బురద నేలలు ఆరాక, ఆ శతాబ్దం చివర్లో తెలుగుదేశం నుంచి వచ్చిన కూలీలు, మేస్త్రీలు స్థిరపడిన చోటే కామాఠిపుర. ఈ ఊరి కట్టడాల్లో మనవాళ్ళ చెమట ఎంతుందో వేరే చెప్పనక్కర లేదు. మా కుటుంబం కూడా ఆ దారినే వచ్చింది, మొదటి రెండు తరాలు తాపీ పట్టుకునే బతికాయి.

మూడో తరం నుంచి మాత్రం మా ఇంట్లో తాపీ పోయి పానా వచ్చింది. మా తాత టాక్సీ నడిపాడు. ఆయన పెద్ద కొడుకు, అంటే మా పెద్దనాయన, బండ్ల రిపేరు పనిలో పడ్డాడు. ఈ రెండో చరిత్రను ఎవరూ రాయరు. అందుకే ఈసారి అందులో ఒక చిన్న ముక్క తీసుకున్నాము. పాత ఫియట్‌కు ముందు స్ప్రింగులు మార్చే పని ఎక్కడి నుంచి వచ్చింది, అందులో ప్రాణం మీదికి వచ్చేది ఏమిటి, మా ఇంట్లో దానికి ఎందుకు ఒక క్రమం పెట్టుకున్నారు అన్నది చెప్తాము.

కమాన్ పట్టీ నుంచి కాయిల్ దాకా

పాత కాలపు విక్టోరియా గుర్రపు బండ్లను గుర్తు తెచ్చుకోండి. వాటి కింద ఉండేవి కమాన్ పట్టీలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టాలు. మొదటి మోటారు బండ్లకూ అవే వేశారు. లారీలకు ఇప్పటికీ అవే. బరువు మోయడంలో వాటికి సాటి లేదు గానీ, ముందు రెండు చక్రాలూ ఒకే ఇరుసు మీద ఉండటంతో ఒక చక్రం గుంతలో పడితే రెండోదీ కదిలేది, స్టీరింగు చేతుల్లో వణికేది.

ఈ చిక్కు విప్పడానికి 1930లలో అమెరికాలో, యూరప్‌లో గట్టి ప్రయత్నం జరిగింది. జనరల్ మోటార్స్ వాళ్ళు 1934 బండ్లలో ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్ పెట్టి "నీ యాక్షన్" అని పేరు పెట్టారు. కాడిలాక్, బ్యూక్ లాంటి బండ్లకు మారిస్ ఓలీ అనే ఇంజినీరు పనితనంతో పైన పొట్టి ఆర్మ్, కింద పొడుగు ఆర్మ్, నడుమ కాయిల్ స్ప్రింగు వచ్చాయి. షెవ్రొలేకు ఫ్రాన్సువాడు ఆండ్రే డ్యుబొనే పద్ధతి వాడారు. ఇటలీలో ఫియట్ కూడా 1937 నాటి 1100 బండికి ఆ డ్యుబొనే పద్ధతినే తీసుకుంది. తర్వాత 1953లో డాంటే జియాకోసా బృందం కొత్త 1100-103 తెచ్చినప్పుడు దాన్ని వదిలేసి పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్, నడుమ కాయిల్ స్ప్రింగు పెట్టారు. వెనకాల మాత్రం పాత కమాన్ పట్టీలే ఉంచారు.

ఆ బండే మన దగ్గరికి వచ్చింది. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో మొదలుపెట్టిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఫ్యాక్టరీ మా ముంబయిలోనే, కుర్లాలో ఉండేది. 1950లలో అక్కడ ఫియట్ 1100 తయారైంది. 1964లో డిలైట్ వచ్చింది, 1970లలో పద్మిని అని పేరు మారింది. ఇంజను 1089 సీసీ, గేరు స్టీరింగు పక్కన. పేర్లు ఎన్ని మారినా ముందు కాళ్ళు మాత్రం అవే. 2000 సంవత్సరం ప్రాంతంలో తయారీ ఆగేదాకా అదే పొందిక.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. కలకత్తా అంబాసిడర్‌కు ముందు కాయిల్ స్ప్రింగు లేదు. దానికి టార్షన్ బార్, అంటే మెలి తిరిగే ఉక్కు కడ్డీ. అందుకని అంబాసిడర్ మీద చెయ్యి తిరిగిన మేస్త్రీ అయినా ఫియట్ ముందు కూర్చునేసరికి కొత్త పాఠం నేర్చుకోవాల్సి వచ్చేది. ముంబయి మేస్త్రీలకు ఆ పాఠం బాగా వచ్చు. అప్పట్లో నల్ల-పసుపు టాక్సీల్లో ఎక్కువ భాగం ఫియట్లే ఉండేవి కదా.

స్ప్రింగు ఎందుకు కుంగుతుంది

టాక్సీ బతుకే కష్టం. ఎక్కినంత మంది ఎక్కుతారు, నెత్తిన క్యారియర్ మీద ట్రంకు పెట్టెలు, బోరు నీళ్ళ రోడ్లు. దానికి తోడు నాలుగు నెలల వాన, ఏడాది పొడుగునా సముద్రపు ఉప్పు గాలి. స్ప్రింగు మీది రంగు రాలిన చోట తుప్పు పట్టి చిన్న గుంట పడుతుంది. ఆ గుంట దగ్గరే కొన్నాళ్ళకు పగులు మొదలవుతుంది. పగలకపోయినా ఏళ్ళ తరబడి బరువు మోసి పొడుగు తగ్గుతుంది. అప్పుడు బండి ఒక పక్కకు వంగి నడుస్తది, టైరు లోపలి అంచు అరుగుతది, బ్రేకు వేస్తే ముక్కు నేలకు వంగుతది.

అప్పట్లో దీనికి చౌక మందులు రెండు ఉండేవి. చుట్ల నడుమ రబ్బరు బఫరు ఇరికించడం ఒకటి. వెనక స్ప్రింగుకు ఏదో ఒకటి పెట్టి ఎత్తు సరిచేశామనుకోవడం ఇంకొకటి. ఎత్తు తగ్గాలంటే గ్యాసు మంటతో కాల్చేవాళ్ళూ ఉండేవాళ్ళు. పెద్దనాయనకు ఇవేవీ గిట్టేవి కావు. ఉక్కుకు నీళ్ళు పట్టించి ఇచ్చిన బిగువు మంట పెడితే పోతుంది, ఆ చోట అది మెత్తబడి తర్వాత విరుగుతుంది. "కాల్చిన స్ప్రింగు ఇంటికి తీసుకపోయేది కాదు బిడ్డా, ఆస్పత్రికి తీసుకపోయేది" అనేవాడు.

లోపల దాగిన బలం

ఈ పనిలో భయపడాల్సింది ఏమిటో ఒక చేతి లెక్క చూడండి. ఫియట్ బరువు దాదాపు 900 కిలోలు. ఒక్కో ముందు చక్రం మీద సుమారు 225 కిలోలు. కానీ స్ప్రింగు కూర్చునేది చక్రం దగ్గర కాదు, కింది ఆర్మ్‌కు సుమారు నడుమ. పార కర్రను చివర పట్టుకోకుండా నడుమ పట్టుకుని బరువెత్తితే ఎంత భారమో అదే లెక్క ఇక్కడ. స్ప్రింగు మీద పడేది దాదాపు రెట్టింపు, 400 కిలోల పైమాటే. అంత బరువుకు స్ప్రింగు 10 సెంటీమీటర్లు కుంగిందనుకుంటే అందులో దాగిన శక్తి ఎంత? 20 కిలోల బియ్యం మూట మీటరు ఎత్తు నుంచి పడితే ఎంత దెబ్బో అంత. మూట పడుతుంటే కనీసం కంటికి కనబడుతుంది. స్ప్రింగు జారితే కనబడదు.

ఇంకో మోసం ఉంది. బండిని జాకీ మీద లేపి చక్రం వేలాడదీస్తే స్ప్రింగు వదులైపోయిందని కొత్తవాళ్ళు అనుకుంటారు. కాలేదు. వేలాడుతున్నప్పుడు కూడా అది పై గిన్నెకూ కింది ఆర్మ్‌కూ నడుమ ఇంకా నొక్కుకునే ఉంటుంది. ఆర్మ్‌ను పట్టి ఉంచిన బోల్టు విప్పిన క్షణం దానికి దారి దొరుకుతుంది.

మాకు దగ్గరి గల్లీలోని ఒక షెడ్డులో ఇట్లాగే జరిగింది. జాకీ ఒక్కదాన్నే నమ్మి బోల్టు విప్పారు. జాకీ నూనె మరక మీద జరిగింది. స్ప్రింగు ఎగిరి రేకుకు తగిలింది, దారిలో పట్టి చూస్తున్న పిల్లగాడి ముంజేయి విరిచింది. నిజామాబాద్ వైపు నుంచి పని నేర్చుకుందామని వచ్చిన మనవాళ్ళ పిల్లగాడు. ఎముక అతుక్కుంది గానీ ఆ చేతి పట్టు తిరిగి రాలేదు. పానా తిప్పలేని చేతికి ఈ పనిలో చోటు లేదు, ఊరికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాతే పెద్దనాయన తన షెడ్డులో ఒక వరస పెట్టాడు. ఎంత తొందర గిరాకీ వచ్చినా ఆ వరస తప్పించేది లేదు.

ఆ వరస ఇది

మొదట సమంగా ఉన్న గట్టి నేల చూడాలి. వెనక చక్రాలకు రెండు పక్కలా చెక్క దిమ్మలు పెట్టాలి. చక్రం నట్లు బండి నేల మీద ఉన్నప్పుడే కొంచెం వదులు చేయాలి. తర్వాత లేపి, బాడీ కింది గట్టి చోట స్టాండ్లు పెట్టాలి. మా దగ్గర వాటిని ఘోడీలు అంటారు. ఆర్మ్ కింద స్టాండు పెట్టొద్దు. ఇటుకలు అసలే వద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. బండిని పక్కకు తోసి చూసి, కదలలేదంటేనే చక్రం తీయాలి.

షాక్ అబ్జార్బర్, అడ్డ కడ్డీ లింకు విప్పాలి. బ్రేకు హోసు మీద బరువు వేలాడకుండా తీగతో కట్టాలి. ఆర్మ్ కింద, స్ప్రింగు కూర్చున్న చోటికి సూటిగా ట్రాలీ జాకీ పెట్టి, బరువు ఆనేదాకా మాత్రమే లేపాలి. ఎక్కువ లేపితే బండి ఘోడీ మీద నుంచి లేస్తుంది.

అప్పుడు స్ప్రింగు కంప్రెసర్. రెండు కొక్కేలవైతే ఎదురెదురుగా పట్టించి, ఇటు రెండు తిప్పులు, అటు రెండు తిప్పులు సమంగా బిగించాలి. ఒక పక్కే బిగిస్తే స్ప్రింగు విల్లులా వంగి జారుతుంది. నడుమ పొడుగు మర ఊచ వేసేదైతే పళ్ళెం చుట్టు మీద సరిగా కూర్చుందో చూడాలి. మరకు గ్రీజు పెట్టాలి, చేతి పానాతోనే తిప్పాలి. గాలి గన్ను పెట్టొద్దు. అది ఎంత బిగువు అయిందో చేతికి తెలియనివ్వదు.

ఇక అందరూ మరిచే మాట. స్ప్రింగు చుట్టు నుంచి, బాడీ క్రాస్ మెంబరు నుంచి ఒక ఉక్కు గొలుసు వేసి కట్టాలి. కంప్రెసర్ జారినా గొలుసు ఆపుతుంది. ఆ తర్వాతే కింది ఆర్మ్ జోడు విప్పాలి. జాకీని మెల్లగా దించాలి. ఆర్మ్ గుండ్రంగా వంపు తిరుగుతూ దిగుతుంది కాబట్టి జాకీ చక్రాలు దానితో పాటు కదలగలగాలి. ఈ దించేటప్పుడు ఎదురుగా ఎవరూ నిలబడొద్దు, మొహం వంచి చూడొద్దు. పక్కన ఉండి, ఒక్కరు మాట చెప్తే ఒక్కరు జాకీ తిప్పాలి.

కొత్తది పెట్టేముందు పాతదాన్ని పక్కన నిలబెట్టి చుట్లు, తీగ మందం సరిచూడాలి. రెండు పక్కలవీ కలిపే మార్చాలి. ఒకటే మారిస్తే బండి వంకర పోదు. పై రబ్బరు చిట్లితే కొత్తది వేయాలి, చుట్టు చివర గిన్నెలోని గాడిలో కూర్చోవాలి. రబ్బరు బుష్షులున్న బోల్టులను చివరి బిగువు బండి చక్రాల మీద నిలబడ్డాకే బిగించాలి. వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలి తిరిగి తొందరగా చీలుతుంది. కొంచెం దూరం నడిపి, రెండు పక్కలా మడ్‌గార్డు ఎత్తు కొలిచి, అలైన్‌మెంట్ చూపించి, హెడ్‌లైట్లు సరిచేయాలి. తర్వాత నట్లన్నీ మరోసారి చూడాలి.

ఇప్పటి సంగతి

ముంబయిలో టాక్సీకి 20 ఏళ్ళ హద్దు ఉంది. 2003 అక్టోబర్ 29న తాడ్‌దేవ్ ఆర్టీఓలో నమోదైన చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబర్‌లో రోడ్డు దిగింది. ఆ బండ్లతో పాటు వాటి మీద చెయ్యి తిరిగిన మేస్త్రీలూ తగ్గిపోయారు. మంచి భాగాల కోసం ఇప్పటికీ చోర్ బజార్, కుర్లా సీఎస్‌టీ రోడ్డు తిరగాల్సిందే. పాత స్ప్రింగుకు రంగు వేసి కొత్తదని అంటగట్టేవాళ్ళు ఉంటారు, గీకి చూసి కొనండి.

మా ఇంట్లో మాత్రం ఒక పద్మిని ఇంకా నడుస్తోంది. పెద్దనాయన మర ఊచ కంప్రెసర్, ఆ గొలుసు గోడకు మేకు మీద వేలాడుతున్నాయి. ఆయన షెడ్డు నడిచినన్ని ఏళ్ళూ స్ప్రింగు పనిలో ఒక్కరికీ గాయం కాలేదు. మన తాతలు కట్టిన గోడల మీద వాళ్ళ పేర్లు లేనట్టే దీనికీ రాత లేదు, అందుకని ఇక్కడ రాసి పెడుతున్నాము. మీ ఇళ్ళల్లోనూ ఇట్లాంటి పాత బండి, పాత పనిముట్టు ఉంటే దానితో చేసిన పని వరసను కూడా పెద్దవాళ్ళను అడిగి రాసుకోండి. పనిముట్టు బజార్లో దొరుకుతుంది. గొలుసు ఎక్కడ కట్టాలో చెప్పేవాళ్ళు దొరకరు.