యాత్రికుల రాకపోకలు – మన ప్రాంతపు ధర్మకార్యములు

శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల చరిత్ర వ్రాయువారు సాధారణముగా రాజులను, యుద్ధములను, కరువులను గూర్చి వ్రాయుదురు. మేము ఈ శతవార్షిక సంచికలో మరియొక సంగతిని పాఠకుల ముందు ఉంచదలచినాము. పరాయి ఊరినుండి వచ్చి, ఒక పూటో రెండు పూటలో ఉండి వెళ్లిపోవు బాటసారి వలన ఈ ప్రాంతమునకు ఏ మేలు జరిగినది, ఆ మేలు ఎవరికి దక్కినది, ఎవరికి దక్కలేదు అన్నదే ఆ సంగతి. నేడు ఈ ప్రశ్న అడుగుటకు కారణమున్నది. 2023 మే 3వ తేదీన విజయనగరము జిల్లా భోగాపురములో అంతర్జాతీయ విమానాశ్రయమునకు శంకుస్థాపన జరిగినది. ఇకమీదట యాత్రికులు మరింతగా వత్తురని అందరు చెప్పుకొనుచున్నారు. రాబోవు వారిని గూర్చి ఆలోచించుటకు ముందు, వచ్చి వెళ్లినవారిని గూర్చి తెలిసికొనుట మంచిది.

మన ప్రాంతము తూర్పున సముద్రము, పడమట కొండలు గల సన్నని నేల. దక్షిణమునుండి పూరీ జగన్నాథమునకు పోవు బాట ఈ నేలమీదుగానే సాగినది. అందుచేత బాటసారి మనకు క్రొత్తవాడు కాడు. వంశధార ఒడ్డున శాలిహుండము కొండమీద బౌద్ధ భిక్షువులు విహారములు కట్టుకొని నివసించినారు. ఆ శిథిలములను 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు లోకమునకు తెలియజేసినారు. భిక్షువు దున్నడు, విత్తడు. వచ్చిపోవు దాతల దానముమీదనే విహారము నిలిచియుండును. అదే నది ఒడ్డున శ్రీముఖలింగము తూర్పు గాంగరాజుల పాలనలో ప్రసిద్ధి చెందినది. శ్రీకాకుళమునకు సుమారు 13 కిలోమీటర్ల దూరములో శ్రీకూర్మము ఉన్నది.

శ్రీకూర్మము గుడి స్తంభములమీద ఉన్న శాసనములు మన చరిత్రకు పెద్ద ఖజానా. మధ్వాచార్యుల శిష్యులైన నరహరితీర్థులవారి 1281వ సంవత్సరపు శాసనము వాటిలో ఒకటి. కాని మమ్ములను ఎక్కువగా ఆలోచింపజేసినవి అఖండదీపములకు చేసిన దానముల శాసనములు. ఆ కాలపు పద్ధతి ఇట్లున్నది. దాత కొన్ని ఆవులనో, కొన్ని మాడలనో గుడికి సమర్పించును. వాటిని గొల్లలకో, గుడి సేవకులకో అప్పగింతురు. వారు అందుకు బదులుగా దినమునకు ఇంత నేయి అని గుడికి కొలిచి పోయవలెను. ఆవుల మంద తరుగరాదు. నేతితో దీపము వెలుగును, పాడితో గొల్లవాని ఇల్లు గడుచును. దాత తన ఊరికి వెళ్లిపోయినను, కాలము చేసినను, దీపము ఆరిపోదు. మూలధనమును ముట్టక ఫలమును మాత్రమే వాడుకొనుట అను ఈ నియమమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము. ఈ వ్యాసమంతయు దానిమీదనే ఆధారపడియున్నది.

అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయమును కళింగరాజు దేవేంద్రవర్మ కట్టించినాడని ప్రసిద్ధి. అక్కడి శాసనములలో దీపమునకే గాక, చదువుకొను విద్యార్థుల వసతికి కూడ భూదానము చేసినట్లు చెప్పుదురు. అనగా మ్రొక్కు చెల్లించు చోటనే చదువు చెప్పించు ఏర్పాటు కూడ ఉన్నదన్నమాట.

తరువాతి కాలములో ఈ ధర్మము సత్రముల రూపమున కనబడుచున్నది. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో కాశీయాత్రకు బయలుదేరి, 1831లో జగన్నాథమునుండి మన తీరముమీదుగానే తిరిగి మద్రాసు చేరినారు. 1838లో అచ్చయిన ఆయన యాత్రాచరిత్ర చదివినవారికి, ఆ దినములలో ప్రయాణమునకు సత్రము ఎంత అవసరమో తెలియును. రాజులు, జమీందారులు, వర్తకులు సత్రములకు మాన్యములు వ్రాసియిచ్చేవారు. పొలము పండినన్నాళ్లు పొయ్యి ఆరదు. పాలేరు, వంటవాడు, నీరు తెచ్చువాడు, విస్తళ్లు కుట్టువాడు, అందరికి ఆ పొయ్యివలన పని దొరికేది.

అయితే ఉన్న సత్యమును దాచరాదు. సత్రములలో పంక్తిభేదము ఉండేది. కొన్ని కులములవారికే లోపల భోజనము. తక్కినవారికి బయట అరుగు. అంటరానివారని పేరుపెట్టబడినవారికి ఆ అరుగు కూడ లేదు. సత్రపు పొలము దున్నినవాడే సత్రపు గడప తొక్కలేకపోయినాడు. మన సంఘములలోని అనేక కుటుంబముల పెద్దలు ఆ గడప బయట నిలిచినవారే. కనుక పాత ధర్మమును పొగడునప్పుడు, దాని లెక్కలో ఎవరి పేరు వ్రాయబడలేదో కూడ చూడవలెను.

1893కును 1896కును మధ్య బెజవాడనుండి కటకము వరకు తూర్పుతీర రైలుమార్గము భాగములుగా తెరువబడినది. బండి దినములు పోయి రైలు దినములు వచ్చినవి. శ్రీకాకుళము పట్టణమునకు రైలు రాలేదు. ఆమదాలవలసలోని స్టేషనే శ్రీకాకుళం రోడ్ అను పేరు ధరించినది. అక్కడనుండి అరసవల్లికి, శ్రీకూర్మమునకు పోవువారిని మోయుట బండ్లవారికి జీవనోపాధి అయినది. మూడవ తరగతి పెట్టెలో పంక్తిభేదము సాగలేదు. టిక్కెట్టు కొన్నవాడు ఎవడైనను బల్లమీద కూర్చున్నాడు. కాని రైలు వలన ఒక నష్టము కూడ జరిగినది. దారిలో పది రాత్రులు ఆగవలసిన యాత్రికుడు ఒక రాత్రిలో మన ప్రాంతమును దాటిపోయినాడు. అతని అణాలు టిక్కెట్టు కిటికీలో పడినవి గాని దారిలోని ఊళ్లలో పడలేదు.

విజయనగరములో మరియొక మార్గము కనబడుచున్నది. 1713లో కోట కట్టిన పూసపాటివారి వంశములోనే, 1919లో విజయరామ గజపతిరాజుగారు సంగీత కళాశాల స్థాపించినారు. ఆదిభట్ల నారాయణదాసుగారు దాని మొదటి అధ్యక్షులు. 1958లో పి.వి.జి. రాజుగారు తమ తండ్రి అలక్ నారాయణ గజపతిగారి పేర మాన్సాస్ విద్యాసంస్థను స్థాపించినారు. నేడు కోట చూడవచ్చిన యాత్రికునికి లోపల తరగతి గదులు, పుస్తకములు పట్టుకొని పోవు ఆడపిల్లలు కనబడుదురు. విజయదశమి తరువాత వచ్చు మంగళవారమున పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవమునకు లక్షలాది జనము వచ్చును. ఆ దినములలో బొమ్మలు, గాజులు, మిఠాయిలు అమ్ముకొను చిన్నవర్తకులకు సంవత్సరపు సంపాదనలో మంచి భాగము చేతికి వచ్చును.

చేతిపనులవారి సంగతి కూడ ఇట్టిదే. పొందూరులో సన్నని ఖద్దరు నేతను గాంధీజీ మెచ్చుకొన్నారు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వు పద్ధతి అక్కడి ప్రత్యేకత. వడికెడు స్త్రీలకును, నేతగాండ్రకును ఆధారముగా 1949లో అక్కడ ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘము ఏర్పడినది. బుడితి ఇత్తడి పాత్రలు, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి చేయు వీణలు కూడ చూడవచ్చినవారు కొనిన గాని నిలువవు. యాత్రికుడు పొందూరులో ఒక పంచె కొనినయెడల ఆ సొమ్ములో కొంత రాట్నము త్రిప్పు ముసలమ్మకు చేరును. అదే పేరు పెట్టిన మిల్లు గుడ్డను మరియొక చోట కొనినయెడల ఆమెకు ఏమియు చేరదు.

ఇప్పుడు మన కాలమునకు వచ్చెదము. కళింగపట్నము దీపస్తంభము, బారువ సముద్రతీరము చూచుటకు జనము వచ్చుచున్నారు. టెక్కలి దగ్గర తేలినీలాపురములో చింతచెట్లమీద గూళ్లు కట్టు గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను ఊరివారు తరతరములుగా బిడ్డలవలె కాపాడుచున్నారు. వాటిని చూచుటకు కూడ వచ్చుచున్నారు. ఉదయము కారులో వచ్చి, తెచ్చుకొన్న భోజనము తిని, సాయంకాలమునకు వెళ్లిపోవుచున్నారు. ఊరికి మిగులునది విస్తరాకులు, సీసాలు మాత్రమే.

ఆ తీరములోని మత్స్యకారులు అదే సమయములో పొట్ట చేతబట్టుకొని గుజరాత్ రేవులకు వలస పోవుచున్నారు. 2018 నవంబరులో అట్లు పోయిన మనవారు కొందరు పాకిస్తాన్ చెరలో పడి 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. అదే 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానపు కొబ్బరితోటలను, జీడితోటలను నేలమట్టము చేసినది. అందమును చూచుటకు పరాయివారు వచ్చు తీరమునుండి, బ్రదుకుటకు స్వంతవారు వెళ్లిపోవుచున్నారు. ఇంతకంటె ఆలోచింపవలసిన సంగతి మరియొకటి లేదు.

పాతవారి నియమము మనకు ఉపాయము చూపుచున్నది. నేడు కూడ మన రాష్ట్రములో అనేక దేవాలయములలో శాశ్వత అన్నదానమునకు ఇచ్చిన సొమ్మును బ్యాంకులో ఉంచి, వడ్డీతో భోజనము పెట్టుచున్నారు. అది శ్రీకూర్మపు ఆవుల మందయే. ప్రతి యాత్రాస్థలములోను బండ్లు నిలుపుటకును, అంగళ్లకును వసూలగు రుసుములో ఒక భాగమును ఊరి పేర మూలధనముగా ఉంచి, దాని ఫలముతో పిల్లల చదువునకు, రోగుల వైద్యమునకు సహాయము చేయవచ్చును. ఊరి యువకులకు దారిచూపు పని, పడవ నడుపు పని ఇచ్చి, యాత్రికుడు ఒక రాత్రి ఆగునట్లు శుభ్రమైన వసతి కల్పింపవచ్చును. ఆ లెక్క ఊరివారందరి ఎదుట చదివి వినిపింపవలెను. ఈసారి ఆ లెక్కలో గడప బయట ఎవరును నిలువకుండ చూచుకొనవలెను.

బాటసారి వచ్చును, పోవును. అతడు ఉంచిపోయిన దీపమునకు దినదినము నేయి పోయవలసినవారము మనమే. రానున్న నూరేండ్లలో ఆ వెలుగు పాత సత్రపు అరుగును దాటి, చివరి గుడిసె వరకు చేరవలెనని మా మనవి.