బన్ని అంటే జమ్మి

దసరా సాయంత్రం జమ్మి ఆకుని "బంగారం" అంటూ పెద్దల చేతిలో పెట్టి దణ్ణం పెట్టుకోవడం మనలో చాలామందికి అలవాటే. అదే రాత్రి కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టులో వేలమంది మగవాళ్ళు కర్రలూ దివిటీలూ పట్టుకుని కొండకి చేరతారు. పేపర్లవాళ్ళు "కర్రల సమరం" అంటారు గానీ, అక్కడి వాళ్ళకి అది "బన్ని". కన్నడంలో బన్ని అంటే ఏమిటో తెలుసాండీ? మన జమ్మి చెట్టే!

ఆశ్చర్యమేముంది? ఆదోని, ఆలూరు తాలూకాలు 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్ళారి జిల్లాలోవే. జిల్లా మారింది, మాట మారలేదు.

మాళ మల్లేశ్వరుడు మణి, మల్లాసురులనే రాక్షసుల్ని చంపాడని కథ. అర్ధరాత్రి స్వామి కల్యాణమయ్యాక ఉత్సవమూర్తుల్ని ఊరేగిస్తారు. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్ళు ముందే పాలు ముట్టి బాస చేసుకుని కాపలాగా నడుస్తారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు దేవుణ్ణి దక్కించుకోవాలని మీద పడతారు. తల పగిలితే ఇంత పసుపు అద్దుకుని మళ్ళీ గుంపులోకి పరుగు. మన పోపులపెట్టెలో ఉండే పసుపేనండీ! ఇప్పుడు పోలీసులూ, డ్రోన్లూ, తాత్కాలిక ఆసుపత్రీ వచ్చాయి. అయినా ప్రాణాలు పోయిన ఏళ్ళున్నాయి. భక్తి అంటే కాదనను, కానీ ఆ కర్రలకి ఇనప కట్లెందుకు?

తెల్లారాక బసవన్న గుడి దగ్గర భవిష్యవాణి వినిపిస్తారు: వానలెలా ఉంటాయి, జొన్నల ధరేమిటి, పత్తి ధరేమిటి అని. అది విని ఇంటికొచ్చిన మనిషిని ఇల్లాలు ముందు అడిగేది మాత్రం ధరల గురించి అయ్యుండదు. ముందు తల తడిమి చూస్తుంది.