పెండింగ్ చలాన్లు: రాయితీ కోసం ఆగాలా? ఇప్పుడే కట్టాలా? షాద్‌నగర్ వాహనదారులు తెలుసుకోవాల్సిన విషయాలివే

షాద్‌నగర్ చౌరస్తాలో రెండు నిమిషాల పనే కదా అని రోడ్డు పక్కన బండి ఆపుతారు. మందుల షాపులోకి వెళ్లి వచ్చేసరికి బండి ఉన్నచోటే ఉంటుంది. ఎవరూ ఏమీ అనరు. తర్వాత ఎప్పుడో ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. నో పార్కింగ్ చలాన్. చాలామంది దాన్ని చూసి పక్కన పెట్టేస్తారు. "మళ్లా డిస్కౌంట్ ఇస్తరు, అప్పుడు కడదాం" అనేది అందరి నోటా వినిపించే మాట.

ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ లెక్క అక్కడితో అయిపోదు. చలాన్ కట్టకుండా వదిలేస్తే ఏమవుతుంది? లేట్ ఫీజు పడుతుందా? బండి గుంజుకుంటారా? అమ్మేసిన బండి మీద చలాన్లు వస్తుంటే ఎవరు కట్టాలి? షాద్‌నగర్ నుంచి రోజూ శంషాబాద్, ఆరాంఘర్ మీదుగా హైదరాబాద్ వెళ్లొచ్చేవాళ్లకు ఇవి తెలిసి ఉండాల్సిన సంగతులు. ఎందుకంటే ఏ కమిషనరేట్ పరిధిలో పడిన చలాన్ అయినా చేరేది ఒకే చోటికి. తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో బండి నంబర్ కొడితే అన్నీ కనిపిస్తాయి.

చలాన్‌కు లేట్ ఫీజు ఉందా?

చలాన్ రూపంలో కట్టేది నిజానికి కోర్టు వేసిన జరిమానా కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 200 కింద కేసును రాజీ చేసుకోవడానికి కట్టే కాంపౌండింగ్ ఫీజు. అది కడితే కేసు అక్కడితో క్లోజ్. ఆలస్యమైతే వడ్డీ, నెలకింత పెంపు అనే మాట ఆ సెక్షన్‌లో లేదు. చలాన్ మీద కనిపించే 35 రూపాయలు యూజర్ ఛార్జీలు. వాటిని లేట్ ఫీజు అనుకుని కంగారు పడక్కర్లేదు.

బయటి దేశాల్లో పద్ధతి వేరు. ఇంగ్లండ్‌లో ఉంటున్న మన తెలుగువాళ్లను అడిగితే చెప్తారు. అక్కడ కౌన్సిల్ వేసిన పార్కింగ్ టికెట్‌ను 14 రోజుల్లో కడితే సగమే. నోటీసులు వచ్చాక కూడా కట్టకపోతే అసలు మొత్తంపై ఇంకో 50 శాతం పడుతుంది. అంటే అక్కడ తొందరపడినవాడికి లాభం. మన దగ్గర జరిగింది దీనికి పూర్తిగా రివర్స్.

రాయితీలు ఎప్పుడెప్పుడు వచ్చాయి?

మొదటి పెద్ద రాయితీ 2022 మార్చి 1న మొదలైంది. ముందు ఆ నెలాఖరు వరకే అన్నారు, తర్వాత ఏప్రిల్ 15 దాకా పొడిగించారు. బైకులు, ఆటోలకు 75 శాతం, కార్లకు, పెద్ద బండ్లకు 50 శాతం తగ్గించారు. కరోనా టైంలో మాస్క్ లేదని వేసిన వెయ్యి రూపాయల చలాన్‌కు 100 కడితే సరిపోయింది.

రెండోది 2023 డిసెంబర్ 26న వచ్చింది. ఈసారి బైకులు, ఆటోలకు 80 శాతం, కార్లు, హెవీ వాహనాలకు 60 శాతం, ఆర్టీసీ బస్సులు, తోపుడు బండ్లకు 90 శాతం. జనవరి 10తో ముగియాల్సింది జనవరి 31కి, అక్కడి నుంచి ఫిబ్రవరి 15కి జరిగింది.

వెయ్యి రూపాయల చలాన్ ఉన్న బైక్ లెక్క చూస్తే విషయం అర్థమవుతుంది. పడిన వెంటనే కట్టినవాళ్లకు వెయ్యి. 2022 వరకు ఆగినవాళ్లకు 250. అప్పుడు కూడా కట్టకుండా రెండోసారి దాకా ఆగినవాళ్లకు 200. రూల్ ప్రకారం వెంటనే కట్టినవాళ్లే ఎక్కువ నష్టపోయారు. జనం రాయితీ కోసం ఎదురుచూస్తున్నారంటే ఆ అలవాటు ఊరికే రాలేదు.

అయితే ఈ రెండు రాయితీలూ ప్రభుత్వం అనుమతిచ్చాకే అమల్లోకి వచ్చాయి. ఫలానా తేదీకి మళ్లీ ఇస్తామని ఏ చట్టంలోనూ రాసి లేదు. వాట్సాప్‌లో తిరిగే "చలాన్లపై భారీ డిస్కౌంట్" ఫార్వర్డ్‌లను చూసి నమ్మొద్దు. రాయితీ నిజమే అయితే ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో కట్టాల్సిన మొత్తమే తగ్గి కనిపిస్తుంది.

పార్కింగ్ చలాన్ ఎక్కడ పడుతుంది?

"నో పార్కింగ్ బోర్డు లేదు కదా" అనేది చాలామంది చెప్పే కారణం. బోర్డు ఉంటేనే తప్పు అనుకోవద్దు. ఫుట్‌పాత్ మీద, జంక్షన్ దగ్గర, జీబ్రా క్రాసింగ్ దగ్గర, బస్టాప్ దగ్గర, స్కూలు, ఆస్పత్రి గేట్ల ముందు, ఇప్పటికే ఆపి ఉన్న బండి పక్కన రెండో వరుసలో ఆపడం బోర్డు లేకపోయినా తప్పే. ఇతరులకు ప్రమాదం, అడ్డం అయ్యేలా బండి వదిలేయడం చట్టంలోని సెక్షన్ 122 కిందకు వస్తుంది.

నిషేధం ఉన్నచోట ఆపినా, పబ్లిక్ ప్లేస్‌లో 10 గంటలకు మించి బండిని అలాగే వదిలేసినా సెక్షన్ 127 కింద టోయింగ్ చేయొచ్చు, చక్రానికి క్లాంప్ వేయొచ్చు. టోయింగ్ ఖర్చు ఓనరే పెట్టుకోవాలి. జరిమానా దానికి అదనం. పొద్దున బండి రోడ్డు మీద పెట్టి సిటీ బస్సో రైలో ఎక్కి, రాత్రికి తిరిగొచ్చేవాళ్లు ఈ 10 గంటల మాట గుర్తుపెట్టుకోవాలి.

మాల్స్, మల్టీప్లెక్సుల్లో ఇచ్చే పార్కింగ్ చీటీ వేరు, పోలీస్ చలాన్ వేరు. 2018 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన జీవో 63 ప్రకారం అలాంటి చోట్ల మొదటి 30 నిమిషాలు అందరికీ ఫ్రీ. ఆ డబ్బుల గొడవ ఈ-చలాన్ వెబ్‌సైట్‌లోకి రాదు.

చలాన్ కట్టలేదని బండి గుంజుకోవచ్చా?

తనిఖీల్లో ఎక్కువ లొల్లి అయ్యేది ఇక్కడే. బండిని స్వాధీనం చేసుకునే అధికారం సెక్షన్ 207లో ఉంది. లైసెన్స్ లేకుండా, వయసు నిండకుండా నడపడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ లేకపోవడం వంటి కారణాలు అందులో ఉన్నాయి. చలాన్ పెండింగ్‌లో ఉండటం ఆ సెక్షన్‌లో లేదు. ఆపినప్పుడు కాగితాలన్నీ సరిగ్గా ఉంటే మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

అలాగని చలాన్‌కు విలువ లేదనుకోవద్దు. కట్టకపోతే కేసు కోర్టుకు పంపొచ్చు. అక్కడ కాంపౌండింగ్ ఫీజు కాదు, చట్టంలోని జరిమానా లెక్కలోకి వస్తుంది. 2019 సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చిన సవరణతో సెక్షన్ 177 కింద సాధారణ ఉల్లంఘనకు మొదటిసారి 500 వరకు, మళ్లీ చేస్తే 1500 వరకు వేయొచ్చు. అంతకుముందు అది 100, 300. పెరిగిన రేట్లను తెలంగాణ అప్పట్లో చలాన్లకు వర్తింపజేయలేదు కాబట్టి చాలామందికి ఈ తేడా తెలియదు.

ఇంకో పాయింట్ కూడా ఉంది. జరిమానా ఒక్కటే శిక్షగా ఉన్న కేసును కోర్టు విచారణకు తీసుకోవడానికి 6 నెలల గడువు ఉంటుంది. పాత సీఆర్‌పీసీలో సెక్షన్ 468, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 514 ఇదే చెప్తున్నాయి. కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం మాత్రం కోర్టుకు ఉంది. అంటే పాత చలాన్‌పై కోర్టులో వాదించడానికి చోటుంది. వెబ్‌సైట్‌లో మాత్రం అది దానంతట అదే మాయం కాదు. 2022లోనూ, ఆ తర్వాతా జనం కట్టినవాటిలో ఏళ్లనాటి చలాన్లు ఉన్నాయి.

అమ్మేసిన బండి.. ఆగని చలాన్లు

అసలు పెద్ద తలనొప్పి ఇదే. చలాన్ వచ్చేది బండి నడిపినవాడికి కాదు, ఆర్‌సీలో పేరున్నవాడికి. షాద్‌నగర్ ప్రాంతం 2016 అక్టోబర్ 11న జిల్లాల విభజనతో మహబూబ్‌నగర్ నుంచి రంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. ఇక్కడి రోడ్ల మీద ఇప్పటికీ ఏపీ 22, టీఎస్ 06 నంబర్లతో పాత మహబూబ్‌నగర్ బండ్లు, టీఎస్ 07తో రంగారెడ్డి బండ్లు, 2024 మార్చి తర్వాత వచ్చిన టీజీ బండ్లు కలిసే తిరుగుతుంటాయి. ఆ పాత బండ్లలో కొన్ని ఇద్దరు ముగ్గురు చేతులు మారి ఉంటాయి. కాగితం మీద పేరు మాత్రం మొదటి ఓనర్‌దే.

తెలిసినోళ్లకే కదా అని సంతకం పెట్టిన ఫారాలు, ఆర్‌సీ చేతిలో పెట్టి పైసలు తీసుకుంటారు. కొన్నాయన పేరు మార్పించుకోడు. తర్వాత పడే హెల్మెట్, పార్కింగ్, స్పీడ్ చలాన్లన్నీ అమ్మినాయన ఫోన్‌కే వస్తాయి. చలాన్లతో పోతే నయమే. ఆ బండితో యాక్సిడెంట్ జరిగితే పరిహారం బాధ్యత ఆర్‌సీలో పేరున్న ఓనర్‌దేనని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో తేల్చి చెప్పింది.

సెక్షన్ 50 ప్రకారం రాష్ట్రంలోపల అమ్మితే 14 రోజుల్లో అమ్మినవాళ్లు, 30 రోజుల్లో కొన్నవాళ్లు ఆర్టీఏకు తెలియజేయాలి. ఫారం 29, ఫారం 30 అందుకోసమే. కొనేవాడి మీద వదిలేయకుండా అమ్మేవాళ్లే దగ్గరుండి పేరు మార్పించడం మంచిది. కొనేవాళ్లు కూడా అడ్వాన్స్ ఇచ్చే ముందే బండి నంబర్ కొట్టి చలాన్లు చూసుకోవాలి. బాకీ ఉంటే రేటులో తగ్గించుకోవడానికి అదే సమయం.

పాత ఏపీ 22 బైకులున్నవాళ్లకు ఇంకో మాట. సొంత వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే చెల్లుతుంది. 2010లో కొన్న బైక్‌కు 2025తో గడువు అయిపోయింది. చలాన్‌కు లేట్ ఫీజు లేదు కానీ దీనికి ఉంది. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం ఆర్‌సీ రెన్యువల్ ఆలస్యమైతే బైకులకు నెలకు 300, కార్లకు నెలకు 500 అదనం. చలాన్ గురించి ఆలోచిస్తూ దీన్ని మర్చిపోతే నష్టం ఎక్కువ.

చలాన్ తప్పుగా పడితే?

ముందు ఫొటో చూడాలి. ఈ-చలాన్‌లో బండి ఫొటో, తేదీ, టైం, ప్లేస్ ఉంటాయి. వేరే కంపెనీ బండికి తమ నంబర్ ఉన్నా, నంబర్‌లో ఒక అంకె తప్పు చదివినా, ఆ రోజు బండి ఇంట్లోనే ఉన్నా వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఆర్‌సీ కాపీ, బండి ఫొటో దగ్గర పెట్టుకోవాలి. వేరేవాళ్లు తమ నంబర్ ప్లేట్ పెట్టుకుని తిరుగుతున్నారని అనుమానం ఉంటే వెబ్‌సైట్ ఫిర్యాదుతో ఆగకుండా పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇవ్వడం అవసరం.

కెమెరాలతో వేసే చలాన్లకు కేంద్రం 2021 ఆగస్టులో రూల్ 167ఏ తెచ్చింది. ఉల్లంఘన జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలని అందులో ఉంది. నిషేధిత చోట పార్కింగ్ కూడా ఆ రూల్ పరిధిలోనిదే. మెసేజ్ రాలేదంటే ఆర్టీఏ రికార్డుల్లో పాత ఫోన్ నంబర్ ఉందేమో చూసుకోవాలి.

చిన్న కేసులు లోక్ అదాలత్‌లో కూడా తేల్చుకోవచ్చు. అక్కడ రాజీ కుదిరితే అదే ఫైనల్, దానిపై అప్పీల్ ఉండదు. కాబట్టి చలానే తప్పు అని వాదించాలనుకునేవాళ్లు ముందు ఫిర్యాదు దారిలో వెళ్లడమే కరెక్ట్.

కట్టేటప్పుడు జాగ్రత్త

తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో గానీ, మీ సేవ కేంద్రంలో గానీ కట్టొచ్చు. బండి నంబర్‌తో పాటు ఇంజిన్ లేదా చాసిస్ నంబర్ చివరి అంకెలు అడగొచ్చు కాబట్టి ఆర్‌సీ దగ్గర ఉంచుకోవాలి. కట్టాక రసీదు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే తనిఖీల్లో పనికొస్తుంది.

2023 డిసెంబర్ రాయితీ టైంలో అచ్చం పోలీస్ వెబ్‌సైట్ లాంటి పేరుతో నకిలీ సైట్ పుట్టుకొచ్చింది. పోలీసులే హెచ్చరిక జారీ చేశారు. అసలు సైట్ అడ్రస్ చివర "గవ్ డాట్ ఇన్" ఉంటుంది. ఇప్పుడు కొత్తగా వాట్సాప్‌లో "మీ బండికి చలాన్ పడింది" అంటూ ఏపీకే ఫైల్ పంపుతున్నారు. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే ఓటీపీలు, బ్యాంకు వివరాలు దొంగల చేతికి పోతాయి. పోలీసులు, ఆర్టీఏ వాళ్లు చలాన్ కోసం యాప్ ఫైల్ పంపరు. పొరపాటున నొక్కి డబ్బులు పోతే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయాలి. ఎంత తొందరగా చెప్తే ఆ డబ్బును మధ్యలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ.