కాగితం దగ్గర ఆగిన సీటు

మన బడి పెట్టిన కొత్తలోనే, 1976 నాటి సవరణ చట్టంతో, తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు. 1986లో ఎంసెట్ మొదలైంది. అదే ఏడాది ఎస్టీ రిజర్వేషన్ 4 శాతం నుంచి 6కు పెరిగింది.

1988లో నేనూ, నా బెంచీ మిత్రుడూ ఎంసెట్ రాశాం. వాళ్ల నాన్న నాచారం పారిశ్రామికవాడలో కార్మికుడు. సొంతూరు దేవరకొండ వైపు తండా. వాడికి మంచి ర్యాంకే వచ్చింది. కుల ధ్రువపత్రం మాత్రం సొంతూరి నుంచే తేవాలన్నారు. రెండుసార్లు వెళ్లి వట్టిచేతులతో వచ్చాడు. మూడోసారి పత్రం దొరికింది గానీ కౌన్సెలింగ్ తేదీ దాటిపోయింది. మా ఇంట్లో చెప్పేవాళ్లున్నారు కాబట్టి నా కాగితాలు ఏప్రిల్‌కే సిద్ధం. వాడికీ ఓ మాట చెప్పాలని నాకు తట్టనే లేదు. వాడు ఉప్పల్‌లో దుకాణం పెట్టుకున్నాడు.

2022లో రిజర్వేషన్ 10 శాతమైంది. ములుగులో గిరిజన విశ్వవిద్యాలయమూ వచ్చింది. కాగితాల తిప్పలు మాత్రం పోలేదు. అందుకే ఏటా మార్చిలో మనవాళ్లం కొందరం బడిలో కూర్చుని ఇంటర్ పిల్లల ధ్రువపత్రాలు సరిచూస్తున్నాం.

నిరుడు ఓ అమ్మాయి వెనకాలే ఫైలు పట్టుకుని వాడొచ్చాడు.

"మా చిన్నదిరా. అన్నీ మూడేసి జిరాక్సులు తీయించా, చూడు."