రబ్బరు తలుపులు, 13 డాలర్ల క్రిస్మస్

1989 డిసెంబరు 17, ఆదివారం రాత్రి. అమెరికాలో ఫాక్స్ అనే టీవీ నెట్‌వర్క్‌లో అరగంట కార్టూన్ ఒకటి వచ్చింది. ఒళ్ళంతా పసుపు రాసుకున్నట్టు పచ్చగా ఉండే ఓ కుటుంబం, చేతిలో డబ్బుల్లేని పండగ.. అంతే కథ. పేరు "సింప్సన్స్ రోస్టింగ్ ఆన్ యాన్ ఓపెన్ ఫైర్". "ద సింప్సన్స్" సీరియల్లో జనం చూసిన మొదటి పూర్తి ఎపిసోడ్ ఇదే. ఆ సీరియల్ 700 ఎపిసోడ్లు ఎప్పుడో దాటేసింది, ఇంకా నడుస్తూనే ఉంది. మనలో కొందరు స్టార్ వరల్డ్‌లోనో, ఆన్‌సైట్ వెళ్ళినప్పుడు అక్కడి టీవీలోనో చూసే ఉంటారు.

అసలు విషయం ఏంటంటే, మొదట రావాల్సిన ఎపిసోడ్ ఇది కాదు. తయారైన వరసలో ఇది 8వది. మొదట రావాల్సింది "సమ్ ఎన్‌చాంటెడ్ ఈవినింగ్" అనే వేరే కథ. అది డెలివరీలో చెడిపోయింది కాబట్టి క్రిస్మస్ కథ ముందుకొచ్చింది. అదెలా చెడింది, ఆ చెడటం వల్ల ఒక మంచి ఎలా జరిగింది అన్నదే ఈ టపా. ఇలాంటి డెలివరీలు మన ఫీల్డులో కొత్త కాదు కదా :)

కొంచెం వెనక్కి వెళ్దాం. ఫాక్స్ అప్పటికింకా పసిగుడ్డు. అమెరికా టీవీ అంటే ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ అనే మూడు కొండలు. వాటి మధ్యలో 1986 అక్టోబరులో మొదలైన నాలుగో నెట్‌వర్క్ ఇది. పెద్దవాళ్ళు వెయ్యని ప్రోగ్రాములు వేస్తే గానీ జనం ఇటు తిరిగి చూడరు. అలా వేసినవాటిల్లో "ద ట్రేసీ ఉల్‌మన్ షో" ఒకటి. 1987 ఏప్రిల్ నుంచి ఆ షో మధ్యలో ఒకటీ రెండు నిమిషాల బొమ్మల ముక్కలు వేసేవాళ్ళు. మాట్ గ్రోయ్నింగ్ గీసిన కుటుంబం అది. "లైఫ్ ఇన్ హెల్" అనే తన కార్టూన్ స్ట్రిప్‌ని టీవీకిస్తే హక్కులు పోతాయని భయపడి, నిర్మాత జేమ్స్ బ్రూక్స్‌ని కలవబోయే ముందు అప్పటికప్పుడు ఈ కుటుంబాన్ని పుట్టించాడు. పేర్లు కూడా ఇంట్లోవే: నాన్న హోమర్, అమ్మ మార్గరెట్, చెల్లెళ్ళు లీసా, మ్యాగీ.

మూడేళ్ళలో 48 ముక్కలు వచ్చాయి. జనానికి నచ్చాయి. ఫాక్స్ 13 అరగంట ఎపిసోడ్లకి ఆర్డర్ ఇచ్చింది. కథ జోలికి నెట్‌వర్క్ రాకూడదని బ్రూక్స్ ఒప్పందంలోనే రాయించుకున్నాడు. క్లయింటు చేత "నేను మధ్యలో వేలు పెట్టను" అని సంతకం పెట్టించడమంటే ఎంత కష్టమో మీకు వేరే చెప్పక్కర్లేదు.

బొమ్మల పని ఇలా జరిగేది. కథ, గొంతులు, సీన్ల నమూనా బొమ్మలు లాస్ ఏంజిలస్‌లో. క్లాస్కీ-చూపో అనే స్టూడియో ఆ పని చూసేది. అక్కణ్ణించి సరుకు దక్షిణ కొరియాలో సియోల్‌కి, ఎకామ్ అనే స్టూడియోకి వెళ్ళేది. ఆ నమూనాల మధ్య కదలికకి కావలసిన వేల బొమ్మలు అక్కడ గీసి, రంగులేసి, సినిమాగా తీసి పంపేవాళ్ళు. అంటే ఇక్కడ డిజైన్, అక్కడ కోడింగ్. ఒకసారి పంపితే తిరిగి రావడానికి నెలలు పడుతుంది. పొద్దున ఈమెయిల్ కొట్టి సాయంత్రానికి ఫిక్స్ తెప్పించుకునే రోజులు కావవి.

1989లో మొదటి ఎపిసోడ్ తిరిగొచ్చింది. వేసి చూసుకున్నారు. చూసినవాళ్ళ మొహాలు మాడిపోయాయి. దాదాపు 70 శాతం మళ్ళీ చెయ్యాల్సిన పరిస్థితి. ఏం తేడా వచ్చింది? బొమ్మలు సాగుతున్నాయి. తలుపు ధడాలున వేస్తే అది రబ్బరు ముక్కలా ఊగుతోంది.

కార్టూన్ అంటే సాగేదే కదా, తప్పేంటి అనొచ్చు మీరు. టామ్ అండ్ జెర్రీలో పిల్లి నెత్తిన పియానో పడితే అది అప్పడంలా చదునైపోయి, మరుక్షణం లేచి ఎలక వెంట పడుతుంది. మనం నవ్వుతాం. కానీ బ్రూక్స్, గ్రోయ్నింగ్, ఇంకో నిర్మాత శామ్ సైమన్ అనుకున్న లోకం అది కాదు. గీతలు పిల్లలు గీసినట్టున్నా, ఊరు మాత్రం నిజం ఊరులా ఉండాలి. తలుపు చెక్కలా ఉండాలి. మనుషులు లోకంలో జరగలేనిది ఏదీ చెయ్యకూడదు.

తర్వాత వచ్చే ఎపిసోడ్ కూడా ఇలాగే ఉంటే సీరియల్నే ఆపేద్దాం అనేదాకా వెళ్ళింది వ్యవహారం. ఆ తర్వాతది "బార్ట్ ద జీనియస్". దాంట్లో ఉన్నవి చిన్న చిన్న లోపాలే. ఊపిరి పీల్చుకున్నారు. మొదటిదాన్ని బాగుచేసే పని డేవిడ్ సిల్వర్‌మన్ మీద పడింది. మరమ్మతు అయ్యేసరికి అది సీజన్ చివరికి జారిపోయింది, 1990 మే 13న వచ్చింది. ఈలోపు ప్రసారం మొదలుపెట్టడానికి పండక్కి పనికొచ్చే కథ ఒకటి చేతిలో ఉంది. దాన్ని ముందు వదిలారు. దాని డైరెక్టరు కూడా సిల్వర్‌మనే. మామూలు వారం వారం ప్రసారం 1990 జనవరి 14న మొదలైంది. అందుకే ఈ క్రిస్మస్ కథకి మనకి అలవాటైన ఆ టైటిల్ సీను కూడా ఉండదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇలాంటప్పుడు తప్పు సముద్రం అవతలి వాళ్ళ నెత్తిన రుద్దెయ్యడం చాలా తేలిక. ఆ అవతలి ఒడ్డున కూర్చుని ఆ రుద్దుడు తిన్నవాళ్ళమే మనం. కానీ క్రిస్మస్ ఎపిసోడ్ కోసం వేల బొమ్మలు వేసిందీ ఆ సియోల్ స్టూడియోనే. అవే చేతులు. ఏం కావాలో ఇవతలి వాళ్ళకి స్పష్టమయ్యేకొద్దీ అవతలి పని కూడా కుదిరింది.

సరే, ఇప్పుడు కథలోకి. అమెరికాలో క్రిస్మస్ స్పెషల్ అంటే మనకి సంక్రాంతికి టీవీల్లో వచ్చే హడావిడి లాంటిది కాదు, దానికో సంప్రదాయం ఉంది. 1962లో మిస్టర్ మగూ, 1964లో రుడాల్ఫ్, 1965లో చార్లీ బ్రౌన్, 1966లో గ్రించ్. ఏటేటా అవే మళ్ళీ వేస్తారు, ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తారు. వీటన్నిటికీ మూలపురుషుడు చార్లెస్ డికెన్స్. ఆయన 1843లో రాసిన "ఎ క్రిస్మస్ కరోల్"లో స్క్రూజ్ అనే పిసినారి యజమాని ఒక్క రాత్రిలో మారిపోయి గుమాస్తాకి జీతం పెంచుతాడు. అప్పట్నుంచీ సూత్రం ఒకటే, చివర్లో లోకం వంగాలి. గ్రించ్ గుండె పెద్దదవుతుంది, చార్లీ బ్రౌన్ తెచ్చిన బక్కచిక్కిన చెట్టు కళకళలాడుతుంది.

ఇప్పుడు సింప్సన్ల ఇంటికి రండి. రాసింది మిమీ పాండ్ అనే కార్టూనిస్టు. అంత పేరొచ్చిన కథ రాసినా ఆవిడ ఆ సీరియల్‌కి మళ్ళీ రాయలేదు, ఆ రచయితల జట్టులో ఆవిడకి చోటు దక్కలేదు. కథలో హోమర్ అణు విద్యుత్ కేంద్రంలో ఉద్యోగి. పండగ బోనస్ వస్తుందని ధీమా. ఇంటావిడ మార్జ్ ఏడాదంతా కూడబెట్టిన డబ్బులు ఓ సీసాలో ఉన్నాయి, మన అమ్మల పోపులడబ్బా లాంటిదన్నమాట. పదేళ్ళ బార్ట్ వెళ్ళి చేతి మీద "మదర్" అని పచ్చబొట్టు వేయించుకోబోతాడు. "మాత్" దాకా అయ్యేసరికి మార్జ్ వచ్చి ఈడ్చుకుపోతుంది. అంటే అమ్మ అని మొదలై చిమ్మెట దగ్గర ఆగింది. లేజర్‌తో అది చెరిపించడానికి సీసా ఖాళీ. పోన్లే, బోనస్ వస్తుందిగా!

అదే సమయానికి అక్కడ యజమాని బర్న్స్ మైకులో చెప్పేస్తాడు, ఈ ఏడాది కింది ఉద్యోగులకి బోనస్ లేదని. ఆ వెంటనే పండగ శుభాకాంక్షలు కూడా. స్క్రూజ్ మారాడు గానీ, బర్న్స్ ఆ అరగంటలోనే కాదు, ఈ 36 ఏళ్ళలోనూ మారలేదు.

హోమర్ ఇంట్లో చెప్పడు. చెప్పలేడు. కారుచౌక కొట్లో కానుకలు వెతుకుతాడు, పసిపిల్ల మ్యాగీకి కుక్కలు ఆడుకునే బొమ్మ కొంటాడు. షాపింగ్ మాల్లో శాంటా తాత వేషం కడతాడు. దానికీ ట్రైనింగు! చివరికి జీతం చెక్కు చేతికొస్తుంది. సోషల్ సెక్యూరిటీ పోను, నిరుద్యోగ బీమా పోను, శాంటా ట్రైనింగు ఖర్చు పోను, వేషం ఖరీదు పోను, గడ్డం అద్దె పోను.. మిగిలింది 13 డాలర్లు. పీఎఫ్, ప్రొఫెషనల్ టాక్స్, టీడీఎస్ గళ్ళన్నీ దాటుకుని అట్టడుగున ఉన్న అంకె చూసుకునే మనకి ఈ సీను విడమరిచి చెప్పాలా?

అప్పుడు బార్ట్ ఒక మాట అంటాడు. టీవీలో పేద పిల్లలకి క్రిస్మస్ రోజు ఏదో ఒక అద్భుతం జరుగుతుంది, చార్లీ బ్రౌన్‌కి జరిగింది, మనకీ జరుగుతుంది అని. తండ్రీకొడుకులు ఆ 13 డాలర్లు పట్టుకుని కుక్కల పందేలకి వెళ్తారు. గెలిచే కుక్క పేరు స్నేహితుడు ముందే చెప్పాడు. కానీ ఆఖరి నిమిషంలో "శాంటాస్ లిటిల్ హెల్పర్" అన్న పేరు చెవిన పడేసరికి ఇదేదో దైవ సంకేతం అనుకుని హోమర్ మొత్తం దాని మీదే కాస్తాడు. ఒకటికి 99. సంప్రదాయం ప్రకారం ఇక్కడ కుక్క గెలవాలి.

గెలవదు. అన్నిటికంటే చివరన వస్తుంది. స్నేహితుడు చెప్పిన కుక్కే గెలుస్తుంది.

నా పాయింటు ఇక్కడుంది. తలుపు రబ్బరులా ఊగకూడదు అన్న పట్టింపు, పందెంలో కుక్క గెలవకూడదు అన్న పట్టింపు రెండూ ఒకటే. మనవాడు కష్టంలో ఉన్నాడు కదా అని లోకం వంగదు. 70 శాతం పని పారేసి మళ్ళీ చేసింది ఊరికే నునుపు కోసం కాదు. తలుపు సాగితే కష్టం కూడా సాగుతుంది, పియానో కింద పడ్డ పిల్లిలా హోమర్ మరుక్షణం లేచి దులుపుకుంటాడు. అప్పుడు 13 డాలర్లకి బరువేముంది? రబ్బరు లోకంలో బోనస్ పోయిందని ఎవడూ బాధపడడు.

ఈ నియమం వాళ్ళకి బాగా తెలుసనడానికి ఇంకో సాక్ష్యం ఉంది. 1990 అక్టోబరు 25న "ట్రీహౌస్ ఆఫ్ హారర్" అని హాలోవీన్ స్పెషల్ మొదలుపెట్టారు. దాంట్లో దయ్యాలొస్తాయి, గ్రహాంతరవాసులొస్తారు, ఏమైనా జరగొచ్చు. అసలు కథతో దానికి సంబంధం ఉండదు. ఏడాదికి ఒక్క రాత్రి రబ్బరుకి సెలవిచ్చారన్నమాట. తర్వాత తర్వాత ఈ పట్టు సడలిన మాట కూడా నిజమే. 1994 కల్లా హోమర్‌ని అంతరిక్షంలోకి పంపేసారు.

(సింప్సన్స్ అనగానే మనవాళ్ళు అపు సంగతి అడుగుతారు. అపు ఈ కథలో లేడు, 1990 ఫిబ్రవరిలో వస్తాడు. మన తెలుగింటి కుర్రాడు హరి కొండబోలు 2017లో దాని మీద తీసిన డాక్యుమెంటరీ, 2020లో హాంక్ అజారియా ఆ గొంతు మానుకోవడం.. దానికి ఇంకో టపా కావాలి.)

1992 జనవరిలో ప్రెసిడెంటు జార్జ్ బుష్, అదే పెద్ద బుష్, అమెరికా కుటుంబాలు సింప్సన్లలా కాకుండా వాల్టన్లలా ఉండాలన్నాడు. వాల్టన్లు అంటే 1930ల మహా మాంద్యం కాలంలో బతికే ఆదర్శ కుటుంబం, ఇంకో టీవీ సీరియల్లోది. కొద్దిరోజుల్లోనే బార్ట్ చేత జవాబు చెప్పించారు, మేమూ వాల్టన్లలాంటి వాళ్ళమే, మాంద్యం ఎప్పుడు పోతుందా అని మేమూ దేవుడికి మొక్కుకుంటున్నాం అని. జోకే. కానీ క్రిస్మస్ కథ చూసినవాళ్ళకి అది నిజమని తెలుసు. ఆ ఇంట్లో లోటు మర్యాదది కాదు, డబ్బుది.

చివరికి ఏమవుతుంది? ఓడిన కుక్కని దాని యజమాని తరిమేస్తాడు. అది వచ్చి హోమర్ ఒళ్ళో పడుతుంది. ఇంటికెళ్ళి, బోనస్ రాలేదని చెప్పబోతాడు. నోరు తెరుస్తాడు కూడా. ఆ మాట పూర్తికాకముందే బార్ట్ కుక్కతో లోపలికొస్తాడు. ఇంట్లోవాళ్ళు ఇదే కానుక అనుకుని సంబరపడతారు. అప్పు తీరలేదు, సీసా నిండలేదు, యజమాని కరగలేదు. ఇంట్లో తిండికి ఇంకో నోరు మాత్రం పెరిగింది.

2001లోనూ, 2009లోనూ, మళ్ళీ మొన్న 2023లోనూ మనవాళ్ళలో కొందరు ఉద్యోగం పోయిందని ఇంట్లో చెప్పలేక, పొద్దున్నే లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని బయల్దేరి సాయంత్రం దాకా ఎక్కడో కూర్చున్న కథలు విన్నాం. హోమర్ కట్టిన శాంటా వేషమూ ఆ బ్యాగు లాంటిదే. ఇంట్లోవాళ్ళు అడిగింది పెద్ద కానుక అని మనమే అనుకుంటాం. వాళ్ళని అడిగి చూసినవాళ్ళు తక్కువ.

ఆ కుక్క ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది. ఎప్పుడూ ఏ పందెమూ గెలిచి వచ్చింది కాదు. డిసెంబరులో ఓ అరగంట దొరికితే చూడండి, వీలైతే ఇంట్లోవాళ్ళతో కలిసి.